హూ అంటే ‘ఎవరు’ కాదు: ఇంగ్లిష్‌లో మనిషి ముందు, వివరం తర్వాత

“డబ్బులిచ్చిన ఆయన మళ్ళీ కనబడలేదు.” ఇంట్లో ఎవరైనా ఈ మాట అంటే దానికి రెండు అర్థాలు వస్తాయి. ఆయన మనకి డబ్బులిచ్చి వెళ్ళిపోయి ఉండొచ్చు. లేదా మనమిచ్చిన డబ్బులు పుచ్చుకుని అయిపు లేకుండా పోయి ఉండొచ్చు. తెలుగు వాక్యం రెండింటికీ సరిపోతుంది. అప్పటిదాకా నడుస్తున్న మాటలు చందా గురించో, అప్పు గురించో తెలిసినవాళ్ళకి అనుమానమే రాదు. ఇదే సంగతి ఇంగ్లిష్‌లో చెప్పాలంటే మాత్రం నోరు తెరిచేముందే ఒకటి తేల్చుకోవాలి. ఇచ్చినవాడైతే ‘ది మ్యాన్ హూ గేవ్ ది మనీ’. పుచ్చుకున్నవాడైతే ‘ది మ్యాన్ ఐ గేవ్ ది మనీ టు’. మొదటిదాంట్లో ‘హూ’ ఉంది, రెండోదాంట్లో అసలు లేదు. దాని బదులు మధ్యలో ‘ఐ’, చివర్లో ‘టు’ వచ్చాయి. రెండు భాషల మధ్య ఉన్న తేడా అంతా ఈ ఒక్క జతలో కనిపిస్తుంది.

ఫలానా మనిషి అని గుర్తుపట్టేలా చెప్పే ఇలాంటి వాక్యభాగాన్ని ఇంగ్లిష్ వ్యాకరణంలో రిలేటివ్ క్లాజ్ అంటారు. తెలుగులో ఆ పని చేసేది క్రియాజన్య విశేషణం: వచ్చిన మనిషి, వచ్చే మనిషి, వస్తున్న మనిషి, రాని మనిషి. క్రియ చివర చిన్న మార్పు చేసి, దాన్ని మనిషి ముందు పెడితే పని అయిపోతుంది. ‘హూ’ లాంటి మాట ఏదీ అక్కర్లేదు. ద్రావిడ భాషలను పోల్చి 1856లో పెద్ద వ్యాకరణం రాసిన కాల్డ్వెల్ ఈ విషయాన్ని ప్రత్యేకంగా గుర్తించాడు. యూరప్ భాషల్లో సంబంధ సర్వనామం (‘హూ’, ‘విచ్’ లాంటి మాట) చేసే పనిని ఇక్కడ క్రియారూపమే చేస్తోందన్నాడు.

మన బళ్ళలో ఇబ్బంది మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. ‘హూ అంటే ఎవరు’ అని చిన్నప్పుడే నేర్పేస్తారు. ప్రశ్నలో అది నిజమే. ‘హూ కేమ్ ఎస్టర్డే?’ అంటే ‘నిన్న ఎవరొచ్చారు?’ అనే. కానీ ‘ది బాయ్ హూ కేమ్ ఎస్టర్డే’ అన్నప్పుడు ఎవరూ ఎవర్నీ ఏమీ అడగడం లేదు. అయినా పాత అలవాటు కొద్దీ క్లాసులో దాన్ని ‘ఎవరైతే నిన్న వచ్చాడో ఆ అబ్బాయి’ అని అనువదిస్తారు. తెలుగులో ఆ నిర్మాణం లేదని కాదు. ‘ఎవరైతే ఫీజు కట్టలేదో వాళ్ళు ఆఫీసులో కలవాలి’ అంటే సహజంగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఫలానా మనిషి అని లేదు, ఎవరికైనా వర్తిస్తుంది. నిన్న మన ఇంటికొచ్చిన, మనకి తెలిసిన అబ్బాయి గురించి ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. ‘నిన్నొచ్చిన అబ్బాయి’ అంటారు. ‘హూ’కి సమానమైనది ఆ ‘వచ్చిన’లోని ‘ఇన’ అని మొదటిరోజే చెప్పి ఉంటే చాలామంది పిల్లలకి ఎంతో శ్రమ తప్పేది. ఈ చిన్న సవరణ ప్రతి ఇంగ్లిష్ మీడియం, తెలుగు మీడియం బడిలోనూ జరగాల్సినంత ముఖ్యమైనది.

రెండో తేడా వరుసలో ఉంది. ‘నిన్న సాయంత్రం వచ్చి, రాత్రి ఇక్కడే పడుకుని, పొద్దున్నే బస్సుకి వెళ్ళిపోయిన మా నాన్నగారి స్నేహితుడు’ అన్నప్పుడు మనిషి చివర్న వస్తాడు. వినేవాళ్ళు అంతసేపూ వివరాలు పోగుచేసుకుంటూ ఆ మనిషి కోసం ఎదురుచూస్తారు. ఇంగ్లిష్‌లో మనిషి ముందు వచ్చేస్తాడు, వివరం వెనకాల నడుస్తుంది: ‘మై ఫాదర్స్ ఫ్రెండ్ హూ కేమ్ ఎస్టర్డే’. అంటే తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో మాట్లాడేవాళ్ళు వాక్యాన్ని తోక దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు వచ్చే టెన్షన్‌లో సగం భయం వల్ల అయితే, మిగతా సగం ఈ తిరగేయడం వల్ల. మాటలు తెలియక కాదు, ఏ మాటతో మొదలుపెట్టాలో తోచక ఆగిపోతారు. ‘ముందు మనిషిని పలికెయ్, తర్వాత వివరం చెప్పు’ అన్న అలవాటు ఒక్కటి పట్టుబడితే మాట చాలావరకు సాగుతుంది.

ఇక అసలు కీలకం: వివరంలో ఆ మనిషి పాత్ర ఏమిటి? తెలుగులో ‘పులిని చంపిన మనిషి’ వేరు, ‘పులి చంపిన మనిషి’ వేరు. ఒక్క ‘ని’ ఉంటే మనిషి బతికాడు, లేకపోతే పోయాడు. ఇంగ్లిష్‌లో ‘ని’ లాంటి ప్రత్యయం లేదు కాబట్టి ఆ పనంతా మాటల వరుసే చెయ్యాలి. ‘ది మ్యాన్ హూ కిల్డ్ ది టైగర్’ అంటే చంపినవాడు మనిషి. ‘ది మ్యాన్ ది టైగర్ కిల్డ్’ అంటే చంపింది పులి. రెండోదాంట్లో ‘కిల్డ్’ తర్వాత ఖాళీ ఉంది. చచ్చిపోయిన మనిషి ఉండాల్సిన చోటు అది. మామూలు వాక్యంలో ‘ది టైగర్ కిల్డ్ ది మ్యాన్’ అంటాం కదా, ఆ ‘మ్యాన్’ అక్కణ్ణుంచి లేచి ముందుకొచ్చి నిలబడ్డాడు. ప్రతి రిలేటివ్ క్లాజ్‌లోనూ ఇలాంటి ఖాళీ ఒకటి ఉంటుంది. ఆ ఖాళీ ఎక్కడుందో చూసుకోవడమే మొత్తం విద్య.

ఖాళీ చోటును బట్టి ‘హూ’ ఉండాలా, అక్కర్లేదా అన్నది తేలుతుంది. మనిషిని పలికిన వెంటనే క్రియ వచ్చేటట్టయితే మధ్యలో ‘హూ’ గానీ ‘దట్’ గానీ తప్పనిసరి: ‘ది గర్ల్ హూ కేమ్ ఫస్ట్’. మనిషిని పలికిన వెంటనే ఇంకో మనిషి వచ్చేటట్టయితే ఏదీ అక్కర్లేదు: ‘ది గర్ల్ ఐ మెట్’, ‘ది డాక్టర్ మై మదర్ ట్రస్ట్స్’. దీని వెనక కారణం సూటిగానే ఉంది. ‘ది మ్యాన్ కేమ్ ఎస్టర్డే’ అని వినగానే అదే పూర్తి వాక్యమని చెవి అనుకుంటుంది. దాని తర్వాత ‘ఈజ్ మై అంకుల్’ అని వస్తే వినేవాళ్ళు తడబడతారు. ‘ది మ్యాన్ ఐ’ అని వింటే ఆ పొరపాటు జరగదు, ఎందుకంటే నామవాచకం పక్కనే ఇంకో నామవాచకమో సర్వనామమో అలా రావడమే వివరం మొదలైందన్న సూచన. ఐర్లండ్‌లాంటి చోట్ల మాటల్లో ‘దేర్స్ ఎ మ్యాన్ వాంట్స్ టు సీ యు’ అనడం ఉంది. అక్కడ ముందున్న ‘దేర్స్’ దారి చూపిస్తోంది కాబట్టి ‘హూ’ లేకపోయినా నెట్టుకొస్తుంది. ప్రామాణిక ఇంగ్లిష్‌లో మాత్రం దాన్ని ఒప్పుకోరు.

మాట్లాడేటప్పటికంటే వినేటప్పుడు ఈ సంగతి ఎక్కువ పనికొస్తుంది. ‘ది గయ్ మై బ్రదర్ వర్క్స్ విత్ ఈజ్ ఫ్రమ్ గుంటూరు’ అని ఎవరైనా గబగబా అంటే, గుంటూరు ఎవరిది, అన్నయ్యదా, ఆ మనిషిదా అని మనవాళ్ళు తికమకపడతారు. ‘హూ’ వినపడలేదు కాబట్టి అక్కడ వివరం ఉందని పట్టుకోలేరు. పుస్తకాల్లో ప్రతి ఉదాహరణలోనూ ‘హూ’ ఉంటుంది, మామూలు సంభాషణలో వీలైన ప్రతిచోటా దాన్ని వదిలేస్తారు. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరమే సినిమాల్లో, ఫోన్‌లో ఇంగ్లిష్ అర్థంకాకపోవడానికి ఒక పెద్ద కారణం.

ఎడ్వర్డ్ కీనన్, బెర్నార్డ్ కామ్రీ అనే ఇద్దరు భాషా శాస్త్రవేత్తలు సుమారు 50 భాషలు పరిశీలించి 1977లో ఒక నిచ్చెన లాంటి క్రమాన్ని ప్రతిపాదించారు. వివరంలో మనిషి కర్త అయితే ఏ భాషకైనా సులువు. కర్మ అయితే కొంచెం కష్టం. ‘కి’, ‘తో’, ‘కోసం’ లాంటి సంబంధాలు ఇంకా కష్టం. ‘ఎవరి’ అన్న సంబంధం ఆ తర్వాతి మెట్టు. కొన్ని భాషలు పై మెట్ల దగ్గరే ఆగిపోతాయి. ఇంగ్లిష్ కింది దాకా దిగుతుంది, కానీ మెట్టు మెట్టుకీ ఏదో ఒక గుర్తు పెడుతూ దిగుతుంది. తెలుగూ చాలా దూరం దిగుతుంది, కానీ గుర్తులు వదిలేసి దిగుతుంది. మన తప్పుల్లో ఎక్కువ భాగం ఈ వదిలేసే అలవాటు నుంచే వస్తాయి.

ఉదాహరణకి ‘నేను మాట్లాడిన ఆవిడ’. మామూలు వాక్యంలో ‘ఆవిడతో మాట్లాడాను’ అంటాం, కానీ వివరంగా మారేసరికి ‘తో’ మాయమవుతుంది. తెలుగులో అది తప్పు కాదు, అదే పద్ధతి. దాన్ని అలాగే మోసుకొస్తే ‘ది లేడీ ఐ స్పోక్’ అవుతుంది, చివర ‘టు’ ఎగిరిపోతుంది. ‘నేను ఎదురుచూస్తున్న మనిషి’లోంచి ‘ది పర్సన్ ఐ యామ్ వెయిటింగ్’ వస్తుంది, ‘ఫర్’ పోతుంది. ‘మేం దిగిన వాళ్ళ ఇల్లు’ గుర్తు చేసుకుంటూ ‘ది ఫ్యామిలీ వి స్టేడ్’ అంటారు, ‘విత్’ ఉండదు. ఇంకొందరు భయపడి ఖాళీని మళ్ళీ నింపేస్తారు: ‘ది మ్యాన్ హూ ఐ గేవ్ హిమ్ ది మనీ’. ఆ ‘హిమ్’ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉండాలి, మనిషి ముందే వచ్చేశాడు. దీనికి ఎదురు తప్పు కూడా ఒకటుంది. ‘వాడు పెళ్ళిచేసుకున్న అమ్మాయి’ని చాలామంది ‘ది గర్ల్ హి మ్యారీడ్ విత్’ అంటారు. ‘ఫలానా అమ్మాయితో పెళ్ళయింది’ అన్న తెలుగు ‘తో’ అక్కడికి జారింది. ‘ది గర్ల్ హి మ్యారీడ్’ చాలు. సరిచూసుకోవడానికి నమ్మకమైన దారి ఒకటే: వివరాన్ని మామూలు వాక్యంగా విప్పి చూడాలి. ‘ఐ స్పోక్ టు ది లేడీ’ అని విప్పితే ‘టు’ కనిపిస్తుంది, కాబట్టి అది వివరంలోనూ ఉండాలి.

ఆ ‘టు’ని వాక్యం చివర వేలాడదీయడం తప్పని చాలా తరాల పాటు నేర్పారు. 1672లో కవి డ్రైడెన్ తనకంటే ముందుతరం నాటకకర్త బెన్ జాన్సన్ వాక్యాల్లో ఈ తోకల్ని తప్పుపట్టాడు. తన రాతల్లోనూ అవి ఉన్నాయని ఒప్పుకుని, తర్వాత తన పాత వ్యాసంలో వాటిని దిద్దుకున్నాడు. 1762లో వ్యాకరణం రాసిన రాబర్ట్ లౌత్ కాస్త మెత్తగా మాట్లాడాడు. ఇది మన భాష మొగ్గుచూపే వాడుకే, సంభాషణకి బాగానే ఉంటుంది, గంభీరమైన రచనకి మాత్రం రెండో పద్ధతి అందం అన్నాడు. ఆ రెండో పద్ధతే ‘ది లేడీ టు హూమ్ ఐ స్పోక్’. ఇవాళ ఇది ఒప్పంద పత్రాల్లో, కోర్టు కాగితాల్లో బాగుంటుంది. టీ తాగుతూ స్నేహితుడితో అంటే బిగుసుకుపోయినట్టుంటుంది. కంపెనీల్లో పనిచేసే మనవాళ్ళు ‘ప్రిపొజిషన్‌తో వాక్యం ముగించకూడదు’ అన్న పాత నియమాన్ని గౌరవంగా పాటిస్తూ ఉంటారు. మామూలు మాటల్లో ఆ నియమాన్ని వదిలెయ్యడమే సరైన ఇంగ్లిష్.

‘హూమ్’ సంగతీ అంతే. నోటి మాటలో దాని చోటు బాగా కుదించుకుపోయింది. ‘ది మ్యాన్ హూమ్ ఐ మెట్’ తప్పు కాదు, కానీ మామూలుగా ‘ది మ్యాన్ ఐ మెట్’ అంటారు. అది ఇంకా గట్టిగా నిలబడి ఉన్న చోటు సంఖ్య తర్వాత: ‘త్రీ కజిన్స్, టూ ఆఫ్ హూమ్ లివ్ ఇన్ డాలస్’. ఇక్కడ ‘హూ’ పనికిరాదు. అయితే మాట్లాడేటప్పుడు ఇక్కడ కూడా ‘అండ్ టూ ఆఫ్ దెమ్ లివ్ ఇన్ డాలస్’ అని కొత్త వాక్యంగా విడగొట్టేస్తారు. హుందాగా ఉంటుందని అక్కర్లేని చోట ‘హూమ్’ తగిలించడం వల్ల కొత్త తప్పు పుడుతుంది. ‘ది మ్యాన్ హూమ్ ఐ థింక్ ఈజ్ ది ఓనర్’ అని చదువుకున్నవాళ్ళూ రాస్తారు. విప్పి చూస్తే ‘ఐ థింక్ హి ఈజ్ ది ఓనర్’. ‘హి’ ఉన్నచోట ‘హూ’ రావాలి, ‘హూమ్’ కాదు.

‘దట్’ విషయంలో తెలుగువాళ్ళకి ఇంకో రకం సంకోచం ఉంటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ‘దట్’ అంటే ‘అది’ అని నేర్చుకున్నాం. మనిషిని ‘అది’ అనడం మన భాషలో చిన్నచూపు. అందుకే ‘ది టీచర్ దట్ టాట్ మి’ అనాలంటే మనసు ఒప్పుకోదు. నిజానికి అక్కడున్న ‘దట్’ సర్వనామంగా పనిచెయ్యడం లేదు. కలిపే మాటగా నిలబడింది. మనుషుల గురించి ఇలా వాడటం చాలా పాతది. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లో, మీలో పాపం చేయనివాడే మొదటి రాయి వెయ్యాలన్న చోట, ‘హి దట్ ఈజ్ వితౌట్ సిన్’ అనే ఉంటుంది. అదే బైబిల్లో పరలోక ప్రార్థన ‘అవర్ ఫాదర్ విచ్ ఆర్ట్ ఇన్ హెవెన్’ అని మొదలవుతుంది. అంటే దేవుడికే ‘విచ్’ వాడారు. ‘విచ్’ తర్వాత వస్తువులకి, జంతువులకి పరిమితమైపోయింది, ‘దట్’ మాత్రం మనుషులకీ మిగిలింది. ఇవాళ మాటల్లో, ముఖ్యంగా అమెరికాలో, ‘ది గయ్ దట్’, ‘పీపుల్ దట్’ రోజూ వినిపిస్తాయి. రాసేటప్పుడు మనుషులకి ‘హూ’ వాడటమే మేలన్న అభిప్రాయం బలంగా ఉంది కాబట్టి, ఉద్యోగం కోసం రాసే ఉత్తరంలో ‘హూ’ క్షేమం.

మరి ఇంగ్లిష్‌లో గౌరవం ఎక్కడుంటుంది? తెలుగులో ‘వచ్చిన’ అన్న మాట అందరికీ ఒకటే. దాని తర్వాత వచ్చేదాంట్లోనే మర్యాద ఉంటుంది: వచ్చినవాడు, వచ్చినతను, వచ్చినాయన, వచ్చినావిడ, వచ్చినవారు. ఇంగ్లిష్‌లోనూ ‘హూ’కి మర్యాద తేడా లేదు, అది కూడా మనిషిని చెప్పే మాట మీదే ఉంటుంది. ‘ది గయ్ హూ కేమ్’, ‘ది మ్యాన్ హూ కేమ్’, ‘ది జెంటిల్మన్ హూ కేమ్’ ఇంచుమించు మన మెట్లలాగే ఉంటాయి. ఇక్కడ రెండు భాషలూ ఇంత దగ్గరగా రావడం ముచ్చటగా ఉంటుంది. పెద్దాయన గురించి చెబుతూ ‘దట్ పర్సన్’ అని పొడిగా అనేబదులు ‘ది జెంటిల్మన్ హూ’ అనడం నేర్చుకుంటే మన భాషలో ఉన్న మన్నన కూడా మాటతో పాటు వెళుతుంది.

‘ఎవరి’ సంబంధానికి ఇంగ్లిష్‌లో ‘హూజ్’ ఉంది. ‘కొడుకు అమెరికాలో ఉన్న ఆవిడ’ అన్నప్పుడు కొడుకు ఎవరి కొడుకో తెలుగు చెప్పదు, మనకి తెలుస్తుంది అంతే. ఇంగ్లిష్‌లో ‘ది లేడీ హూజ్ సన్ ఈజ్ ఇన్ అమెరికా’. రాసేటప్పుడు దీన్ని ‘హూ ఈజ్’ కుదింపుతో కలిపేస్తుంటారు. చెవికి రెండూ ఒకటే. కుదింపుకి పైన చిన్న కామా లాంటి గుర్తు ఉంటుంది, సంబంధానికి ఉండదు.

చాలాచోట్ల మనం క్లాజ్ కడుతున్నాం గానీ ఇంగ్లిష్‌కి అదే అక్కర్లేదు. ‘పచ్చ చీర కట్టుకున్న ఆవిడ’ని ‘ది లేడీ హూ వోర్ ఎ గ్రీన్ శారీ’ అంటే, ఆవిడ ఇంతకుముందెప్పుడో కట్టుకుందన్నట్టు ఉంటుంది. మామూలుగా ‘ది లేడీ ఇన్ ది గ్రీన్ శారీ’ అంటారు. కళ్ళజోడు పెట్టుకున్న కుర్రాడు ‘ది బాయ్ విత్ గ్లాసెస్’. చంటిపిల్లని ఎత్తుకున్నావిడ ‘ది లేడీ విత్ ది బేబీ’. ఇక్కడ లోతైన చిక్కు ఒకటుంది. కట్టుకున్న, పెట్టుకున్న, కూర్చున్న, నిలబడ్డ, పడుకున్న: ఇవన్నీ రూపంలో భూతకాలం, అర్థంలో ఇప్పటి స్థితి. ‘అక్కడ కూర్చున్న ఆయన’ ఇంకా కూర్చునే ఉన్నాడు. రూపం చూసి అనువదిస్తే ‘ది మ్యాన్ హూ శాట్ దేర్’ అవుతుంది, ఆయన లేచి వెళ్ళిపోయినట్టు వినిపిస్తుంది. ‘ది మ్యాన్ సిటింగ్ దేర్’ అనాలి. ‘హూ ఈజ్’ కూడా అక్కర్లేదు, ఒక్క ‘సిటింగ్’ చాలు. మన ‘కూర్చున్న’ ఎంత పొట్టిగా ఉందో ఇదీ అంతే పొట్టిగా ఉంది.

కామా గురించి ఒక్క మాట. ‘మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ డాలస్’ అని కామా లేకుండా రాస్తే, అన్నదమ్ములు ఒకరికంటే ఎక్కువున్నారు, వాళ్ళలో డాలస్‌వాడు అని. కామాలు పెడితే ఉన్నది ఒక్కడే, డాలస్ సంగతి అదనపు సమాచారం. అమ్మ ఒక్కరే కాబట్టి ‘మై మదర్, హూ లివ్స్ ఇన్ వైజాగ్,’ అని కామాలతోనే రాయాలి, అక్కడ ‘దట్’ పనికిరాదు. మాట్లాడేటప్పుడు ఆ కామా గొంతులో చిన్న విరామంగా వినిపిస్తుంది. ‘డాలస్‌లో ఉండే మా అన్నయ్య’ అన్న తెలుగు మాటలో ఈ తేడా కనిపించదు. కానీ మనకి ఆ లోటు తెలియదు, ఎందుకంటే పెద్దన్నయ్య, చిన్నన్నయ్య, తమ్ముడు అని చుట్టరికపు మాటలే మనిషిని గుర్తుపట్టించేస్తాయి. ‘బ్రదర్’ అన్న ఒక్క మాటతో నెట్టుకొచ్చే భాషకి కామా అవసరమైంది.

ఇంత చెప్పాక, మనవాళ్ళ నోట తరచు వినిపించే ‘వన్ అంకుల్ ఈజ్ దేర్, హి వర్క్స్ ఇన్ ఎ బ్యాంక్’ అన్న తీరుని కూడా తలుచుకోవాలి. దీన్ని విని నవ్వేవాళ్ళున్నారు. ‘మా వీధిలో ఒకాయన ఉన్నారు, బ్యాంకులో చేస్తారు’ అని తెలుగులో కథ మొదలుపెట్టే పద్ధతే అది. ముందు మనిషిని తెచ్చి కూర్చోబెట్టి, తర్వాత వివరం చెప్పడం. ఇంగ్లిష్‌వాళ్ళు కొత్త మనిషిని మాటల్లోకి తెచ్చేటప్పుడు చేసేదీ ఇదే: ‘దేర్స్ దిస్ గయ్ ఎట్ వర్క్ హూ…’ అని మొదలుపెడతారు. తేడా రెండు చోట్ల మాత్రమే ఉంది. ‘ఈజ్ దేర్’ ముందుకు జరిగి ‘దేర్స్’ అయింది, రెండో వాక్యపు ‘హి’ పోయి ఆ చోట్లో ‘హూ’ కూర్చుంది. ‘వన్ అంకుల్ ఈజ్ దేర్, హి వర్క్స్’ అనగలిగినవాళ్ళు ‘దేర్స్ ఎన్ అంకుల్ ఆన్ అవర్ స్ట్రీట్ హూ వర్క్స్ ఇన్ ఎ బ్యాంక్’ అనడానికి ఒక్క అడుగు దూరంలో ఉన్నారు.